ప్రాస పదాలు: పట్టుకోవడం ఎలా, రోజువారీ మాటల్లో వాడుకోవడం ఎలా

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అనే సామెత మనందరికీ తెలుసు. అందులో నోరు తీసేసి "మాట మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని ఒకసారి పైకి అనండి. అర్థం అలాగే ఉంది, పట్టు మాత్రం పోయింది. నోరు, ఊరు అనే రెండు మాటలు ఒకదాన్నొకటి పిలుచుకోబట్టే ఆ వాక్యం పుస్తకం అక్కర్లేకుండా నోటి నుంచి నోటికి వచ్చింది. "అప్పు చేసి పప్పుకూడు", "అత్త మీద కోపం దుత్త మీద", "వాన రాకడ, ప్రాణం పోకడ" అన్నవీ అంతే.

మొదటి అక్షరం మారినా మిగతా భాగం ఒకేలా వినిపించే మాటలను ప్రాస పదాలు అంటాం. బడిలో చిన్న తరగతుల నుంచీ ఇవి నేర్పుతారు. అయినా పెద్దయ్యాక పెళ్ళిపత్రికకో, వీడ్కోలు సభకో రెండు వాక్యాలు రాయాల్సి వస్తే చాలామంది చివర "రావాలి, తినాలి" అని కలిపేసి ప్రాస కుదిరిందనుకుంటారు. తెలుగులో వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి అలాంటి కలయిక ఏ శ్రమా లేకుండా వచ్చేస్తుంది. అందుకే చెవి దాన్ని పట్టించుకోదు. అసలైన ప్రాస క్రియ చివర అతికే ప్రత్యయంలో ఉండదు, దానికి ముందున్న అక్షరంలో ఉంటుంది. కింద చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

మొదట చెవికి పని చెప్పండి

ఒక మాట తీసుకోండి. చెట్టు అనుకుందాం. మొదటి అక్షరం "చె" తీసేస్తే "ట్టు" మిగులుతుంది. దీన్ని తోక అనుకుందాం. ఇదే తోక ఉన్న మాటలు: గట్టు, గుట్టు, జుట్టు, పట్టు, బొట్టు, మెట్టు, ఒట్టు, తిట్టు. ఇవన్నీ చెట్టుకు ప్రాస పదాలే. చెట్టు, కాలు అనే రెండూ "ఉ" శబ్దంతోనే ముగుస్తున్నా అవి ప్రాస పదాలు కావు. తెలుగు మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతోనే ముగుస్తాయి. కాబట్టి చివరి అచ్చు ఒక్కటే కలిస్తే చాలదు.

మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది ఒత్తు. మేత, మెత్త దగ్గరగా వినిపిస్తాయి. కానీ ఒకదాని తోక "త", రెండోదాని తోక "త్త". మేతకు కోత, రోత, పూత జత. మెత్తకు అత్త, దుత్త, చెత్త, కొత్త జత.

రెండోది సున్న. పంట, మంట, వంట, గంట, జంట ఒక గుంపు. పాట, మాట, కోట, తోట ఇంకో గుంపు. రెంటినీ కలపకూడదు.

మూడోది చాలామంది వదిలేసేది, మొదటి అక్షరం పొడవు. కలం, కాలం రెండింటి తోకా "లం" అయినా వాటిని పక్కపక్కన పెడితే ఒకటి కురచగా, ఒకటి సాగినట్టు వినిపిస్తాయి. కలం పక్కన జలం, బలం, హలం పెట్టండి. కాలం పక్కన గాలం, జాలం, మూలం, తాళం పెట్టండి. తాళంలో ఉన్నది "ళం" కదా అనకండి. ల, ళ కలయికను పూర్వకవులు కూడా ఒప్పుకున్నారు. మాట్లాడే భాషలో మనమూ ఒప్పుకోవచ్చు.

ఈ మూడూ నేను కల్పించిన నియమాలు కావు. మన పద్యంలో ప్రాస అంటే పాదం చివర కాదు, పాదంలో రెండో అక్షరం. కందం, ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం వంటి వాటిలో నాలుగు పాదాలకూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి. అచ్చు మారినా ఫరవాలేదు. మొదటి పాదంలో అది ఒత్తక్షరమైతే అన్ని పాదాల్లోనూ అదే ఒత్తు, సున్న ముందుంటే అన్నిట్లోనూ సున్న. మొదటి పాదం గురువుతో, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరంతో మొదలైతే మిగతావీ గురువుతోనే మొదలవ్వాలి. సుమతీ శతకంలో అక్కరకు రాని చుట్టం గురించిన కంద పద్యం దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చి ఉంటుంది. దాని నాలుగు పాదాల మొదళ్ళు చూడండి: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. నాలుగింటిలోనూ రెండో అక్షరం "క్క" ఒత్తే. పిల్లలు మొదటి పాదం అందుకుంటే తర్వాతి పాదం గుర్తు రావడానికి ఆ "క్క" దారి చూపిస్తుంది.

అన్ని పద్యాలకూ ఈ నియమం లేదు. వేమన ఎక్కువగా వాడిన ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ప్రాస నియమం లేదు. ద్విపదకు ఉంది. ప్రాస లేకుండా రాసిన ద్విపదను మంజరి అని వేరే పేరుతో పిలిచారు. ప్రాస ఉండటం, లేకపోవడం రూపం పేరునే మార్చేంత ముఖ్యమైన సంగతి అన్నమాట.

పదాల జాబితా ఇలా తయారు చేసుకోండి

మనసులో వెతుక్కుంటూ కూర్చుంటే నాలుగు మాటలకే ఆగిపోతాం. కాగితం మీద పెడితే అవే వస్తాయి. తోకను కాగితం మధ్యలో రాయండి. ఎడమవైపు వర్ణమాలను వరసగా పట్టుకొని ఒక్కో అక్షరాన్ని అతికించి చదవండి. అలా హ దాకా వెళ్ళాక, అదే అక్షరాలకు గుణింతం మార్చి మళ్ళీ తిరగండి.

"క్క" తోకతో చేసి చూద్దాం. అక్క, చక్క, నక్క, పక్క. గుణింతం మారిస్తే కుక్క, చుక్క, చెక్క, డొక్క, తొక్క, ముక్క, మొక్క, రెక్క, లెక్క. రెండు నిమిషాల్లో పదమూడు మాటలు వచ్చాయి. వీటిలో చక్క ఒంటరిగా నిలవదు, చక్కబెట్టు వంటి చోట్లే వస్తుంది కాబట్టి కొట్టేయండి. ఉన్నవాటిని మీ విషయానికి దగ్గరగా ఉన్నవి, దూరంగా ఉన్నవి అని రెండు వరసలుగా రాసుకోండి.

ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోట్లో స్థిరపడిన మాటలనూ జాబితాలో చేర్చండి. టెన్షన్‌కు పెన్షన్, ఫోన్‌కు లోన్ చక్కగా కుదురుతాయి. బస్సు పక్కన మనస్సు, వయస్సు నిలుస్తాయి. క్లాసు మాత్రం నిలవదు, అందులో ఒత్తు లేదు.

క్రియల దగ్గర బొటనవేలు పరీక్ష

రాసిన వాక్యాల చివర క్రియలు ఉంటే ప్రత్యయం మీద బొటనవేలు పెట్టి మూసేయండి. వచ్చాడు, తెచ్చాడు, ఇచ్చాడు, మెచ్చాడు అన్నప్పుడు "ఆడు" మూసేసినా "చ్చ" మిగులుతుంది. ఇది నిజమైన ప్రాస. వచ్చాడు, చూశాడు, నవ్వాడు అన్నప్పుడు "ఆడు" మూసేస్తే కలిసేది ఏమీ మిగలదు.

ఒక ఆహ్వానం చూడండి.

మా ఇంటికి మీరంతా రావాలి
మా విందును మీరు ఆరగించాలి

బొటనవేలు పెడితే ఏమీ కలవదు. "ఆలి" ఒక్కటే అక్కడ నెట్టుకొస్తోంది. ఇలా మార్చవచ్చు.

మీరు వస్తే మా ఇంట వెలుగు
మీ దీవెనతో మేలు కలుగు

ఇక్కడ "లుగు" మొత్తం కలిసింది. పైగా ఒకటి నామవాచకం, ఒకటి క్రియ. ప్రాస పదాలు రెండూ వేర్వేరు భాషాభాగాలైతే వినేవాళ్ళకు అది ముందే తెలిసిపోదు, అందుకే ఇంకా బాగుంటుంది.

మనం రోజూ వాడే జంట పదాలు

ప్రాస కోసం కవుల దగ్గరికి వెళ్ళక్కర్లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ మనం మాట్లాడేది అదే. గజిబిజి, చిందరవందర, ఇరుగుపొరుగు, అండదండలు, అరకొర, అల్లరిచిల్లరి, రాకపోకలు, ఎగుడుదిగుడు, కష్టనష్టాలు, చెట్టాపట్టాలు, తట్టాబుట్టా, కూలీనాలీ, ఆటపాటలు, ఊరూపేరూ... ఈ సంపద మన పెద్దవాళ్ళ నోట ధారాళంగా వచ్చేది, మన పిల్లల నోట తగ్గిపోతోంది. అందుకని కాస్త ఆగి చూడాలి.

వీటిలో కొన్నిటికి రెండు సగాలకూ అర్థం ఉంది. రాక, పోక, కష్టం, నష్టం, తట్ట, బుట్ట. కొన్నిటిలో ఒక సగానికే అర్థం తెలుస్తుంది, రెండోది తోడుగా వస్తుంది. కూలీనాలీలో కూలి తెలుసు, నాలి విడిగా ఎవరూ అనరు. గజిబిజి లాంటివాటిలో ఏ సగాన్నీ విడిగా వాడం. వాడేటప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: క్రమం మార్చకూడదు, సగం విడదీయకూడదు. "పొరుగుఇరుగు" అని ఎవరూ అనరు.

రాతలో ఈ జంటలు చేసే మేలు పెద్దది. "గదిలో వస్తువులన్నీ ఒక క్రమం లేకుండా పడి ఉన్నాయి" అని రాసేబదులు "గదంతా చిందరవందరగా ఉంది" అనండి. "ఇద్దరు స్నేహితులూ ఒకరి చేతులు ఒకరు పట్టుకొని తిరుగుతున్నారు" అనేదానికి "చెట్టాపట్టాలేసుకొని తిరుగుతున్నారు" అనండి. వాక్యం సగమైంది, బొమ్మ కళ్ళకు కట్టింది. మీ అమ్మమ్మో నాయనమ్మో మాట్లాడుతుంటే వారం రోజుల పాటు ఇలాంటి జంటలను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మీ ప్రాంతంలోనే వినిపించేవి కొన్ని తప్పకుండా దొరుకుతాయి. వాటిని పోనివ్వకండి.

ఇక "గి" సంగతి. కాఫీ గీఫీ, పెళ్ళీగిళ్ళీ, చదువూగిదువూ, జ్వరం గిరం. ఏ మాటైనా తీసుకొని మొదటి అక్షరం స్థానంలో "గి" పెడితే జంట తయారవుతుంది. మొదటి అక్షరం పొడవైతే "గీ" పెట్టాలి. కాఫీకి గీఫీ, పాముకు గీము. పులికి గిలి, డబ్బుకు గిబ్బు. చిన్నపిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే ఈ పొడవు తేడా సరిగ్గా పాటిస్తారు. తెలుగు మాటల్లో ప్రాస ఎంత లోతుగా ఇంకి ఉందో అది చూస్తే తెలుస్తుంది.

"గి" జంట అర్థం సందర్భాన్ని బట్టి మారుతుంది. "కాఫీ గీఫీ ఏమైనా తాగుతారా?" అంటే కాఫీ గానీ అలాంటిదింకేదైనా గానీ అని. తెలంగాణలో "అన్నం గిన్నం తిన్నవా?" అని అడిగితే అందులో ఆప్యాయత ఉంది. అదే "పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు, ముందు చదువుకో" అంటే తీసిపారేయడం. "పామూ గీమూ ఉంటుందేమో, లైటు వేసుకొని వెళ్ళు" అంటే హెచ్చరిక. కాబట్టి ఎదుటివాళ్ళు గౌరవంగా చూసే విషయానికి "గి" తగిలించకండి. ఎవరైనా తమ పూజ గురించో, ఉద్యోగం గురించో చెబుతుంటే "పూజా గీజా", "ఉద్యోగం గిద్యోగం" అంటే చిన్నబుచ్చుకుంటారు. దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో అసలు వాడకూడదు. "గి"తోనే మొదలయ్యే మాటకు ఈ పద్ధతి కుదరదు. అక్కడ "గిన్నెలూ గట్రా" అంటాం.

పిల్లలతో ఆడుకునేటప్పుడు

అక్షరాలు రాని పిల్లలతో మొదలుపెట్టడమే మంచిది. ప్రాస చెవికి సంబంధించింది, కంటికి కాదు.

మొదట "వేరేది ఏది?" ఆట. గంట, పంట, పాట, మంట అని నాలుగు మాటలు చెప్పి కలవనిది పట్టుకోమనండి. తప్పు చెబితే సరిదిద్దకండి, మళ్ళీ నెమ్మదిగా పలకండి, వాళ్ళే పట్టుకుంటారు. తర్వాత గొలుసు ఆట. మీరు "అమ్మ" అంటే పాప "బొమ్మ" అనాలి, మీరు "కొమ్మ" అంటే "రెమ్మ", ఆ తర్వాత "నిమ్మ", "చెమ్మ". మాట దొరకని వాళ్ళు కొత్త తోక ఇవ్వాలి. బస్సు ప్రయాణాల్లో దీనికి మించిన కాలక్షేపం లేదు.

పొడుపు కథలు కూడా బాగా పనికొస్తాయి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అంటే జవాబు కనురెప్పలు. ఎప్పుడు, చప్పుడు అన్న చోట కాస్త ఒత్తి పలకండి.

విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ ఆట ఇంకా అవసరం. వాళ్ళలో చాలామందికి ట, త తేడా చెవికి అందదు. మాట, మాత ఒకటే అనిపిస్తాయి. రెండు బుట్టలు పెట్టండి. ఒకదాని మీద "ట", ఇంకోదాని మీద "త". బొమ్మలున్న చీటీలు తయారు చేయండి: కోట, తోట, మూట, బాట, వేట ఒకవైపు, తాత, మేత, కోత, మూత, పూత ఇంకోవైపు. బొమ్మ పేరు పైకి చెప్పి సరైన బుట్టలో వేయాలి. మూట, మూత పక్కపక్కనే వచ్చేలా చూడండి. నాలుక ఎక్కడ తగులుతోందో గమనించమనండి. ల, ళ తోనూ (కల, కళ), డ, ద తోనూ ఇదే చేయవచ్చు. నియమం చెప్పి నేర్పేకంటే ఇది త్వరగా పడుతుంది.

ఒక మాట మాత్రం మొదటి రోజే చెప్పాలి. ఎవరి పేరుకైనా ప్రాస కట్టి ఏడిపించకూడదు. పేరు మీద కట్టిన వెక్కిరింత చాలా ఏళ్ళు నలుగుతుంది. ప్రాసకున్న బలమే అక్కడ గాయం చేస్తుంది. కావాలంటే మంచి మాటతో కట్టమనండి.

పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి, రమేష్ సురేష్ మహేష్ అనో, స్వాతి జ్యోతి అనో తోబుట్టువులకు ప్రాసతో పేర్లు పెట్టడం మన ఇళ్ళలో మామూలే. పెట్టాలనుకుంటే తోక కలపండి, మొదటి అక్షరం మాత్రం వేరుగా ఉంచండి. లేకపోతే బడి కాగితాల్లో, మందుల చీటీల్లో ఒకరిది ఒకరికి మారిపోతుంది.

సందర్భానికి రెండు వాక్యాలు రాయడం

"చెట్లు ప్రగతికి మెట్లు" అన్న నినాదం గోడల మీద చూసే ఉంటారు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి ఇచ్చిన "జై జవాన్, జై కిసాన్" దేశమంతా పాకింది. రెండింటిలోనూ బరువైన మాటల మీదే ప్రాస పడింది, మిగతావి తక్కువ. తెలంగాణ ఉద్యమంలో వినిపించిన "నీళ్ళు, నిధులు, నియామకాలు" మరో దారి పట్టింది. అక్కడ చివర కాదు, మొదటి శబ్దం కలిసింది. తోక కుదరనప్పుడు మీరూ ఆ దారి పట్టవచ్చు.

బడి గోడ మీద నీటి పొదుపు గురించి రాయమన్నారనుకోండి. ముందు ప్రాస గురించి ఆలోచించకండి. చెప్పదలచింది మామూలు వాక్యంగా రాయండి: "నీటిని లెక్కగా వాడాలి, అప్పుడే మొక్కలు బతుకుతాయి." ఇందులో బరువైన మాటలు ఏవి? లెక్క, మొక్క. వాటి పక్కన నీటికి బదులు చుక్క పెట్టవచ్చు. మూడూ "క్క" గుంపులోవే. వాటిని వాక్యం చివరికి జరపండి.

ప్రతి చుక్కకీ ఉండాలి లెక్క
అప్పుడే బతుకుతుంది మొక్క

జాబితాలో కుక్క, నక్క, రెక్క కూడా ఉన్నాయి. కుదురుతున్నాయి కదా అని వాటిని లాక్కురాకండి. ప్రాస కోసం తెచ్చిన మాట ఎప్పుడూ దొరికిపోతుంది.

ఉద్యోగ విరమణ సభకు అయితే విశ్రాంతి అన్న మాట ఎలాగూ వస్తుంది. "ంతి" గుంపు చూడండి: శాంతి, కాంతి, క్రాంతి, భ్రాంతి, సంక్రాంతి. శాంతి, కాంతి ప్రతి సభలోనూ వింటాం. సంక్రాంతి వాడితే ఇల్లు, పండుగ, పిల్లలు కలిసొస్తారు.

ముప్పై ఏళ్ళ కొలువుకు నేటితో విశ్రాంతి
రేపటి నుంచి మీ ఇంట రోజూ సంక్రాంతి

సంతాప సందేశాల్లో ప్రాస పెట్టకండి. దుఃఖంలో ఉన్నవాళ్ళకు అది అలంకారంలా తగులుతుంది. ఎంత బాగా కుదిరినా అక్కడ మామూలు మాటే మర్యాద.

మాట దొరకనప్పుడు

"ప్రశ్న" లాంటి మాటకు జత వెతికి చూడండి, చాలాసేపు తిరిగినా దొరకదు. అలాంటప్పుడు రెండు మార్గాలున్నాయి. ఆ మాటను వాక్యం మొదటికి జరిపి, చివర ఇంకో మాటకు చోటివ్వడం ఒకటి. దానికి సంబంధించిన మరో మాట వాడటం ఇంకొకటి. ప్రశ్నకు దొరకకపోయినా జవాబుకు నవాబు ఉంది. పుస్తకానికి మస్తకం ఉంది. స్నేహానికి మోహం, దాహం, సందేహం ఉన్నాయి. వాటిలో సందేహం ఒక్కటే స్నేహం పక్కన పని చేస్తుంది.

అన్నీ అయ్యాక కాగితాన్ని ఇంకొకరికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా పైకి చదవమనండి. వాళ్ళు ప్రాస దగ్గర గొంతు తమంతట తాము ఒత్తితే కుదిరినట్టే. మధ్యలో తడబడితే రెండు వాక్యాల పొడవు సరిచూడండి. ఒక వాక్యం బాగా పెద్దదైతే తోక చేరేలోపు చెవి మొదటి మాటను మరిచిపోతుంది. అక్కడ పొడవైన మాట ఒకటి తీసేసి మళ్ళీ చదివించండి.